పధ్నాలుగో తేదీ పేజీ

ఓడల కాలువను ఈది దాటి మొదటి బహుమతి గెలిచానని సర్టిఫికెట్ పెట్టి, ఆటగాళ్ల కోటాలో మెడికల్ సీటు సంపాదించిన పుష్పకుమారికి అసలు ఈతే రాదని, కాలేజీ పిక్నిక్‌లో ఆ పిల్ల మొలలోతు నీళ్లలో మునిగిపోతుంటే గానీ ఎవరికీ తెలియలేదు.

ఆ రోజు సముద్రం చాలా నెమ్మదిగా ఉంది. అలలు వచ్చి ఇసుకను తాకి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి పోతున్నాయి. తోటి పిల్లలు జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగారు. ఉప్పునీళ్లు కక్కి, కళ్లు తెరిచి, ఆమె అన్న మొదటి మాట: "మా నాన్నకి సెప్పకండి."

స్నేహితురాళ్లు నవ్వారు. వెంట వచ్చిన లెక్చరరు నవ్వలేదు. ఆయన ఆ ఏడు అడ్మిషన్ల కమిటీలో ఉన్నాడు.

పెందుర్తి దారిలో సర్కారు కొత్తగా తెరిచిన కాలేజీ అది. వారం తిరక్కుండా విచారణ మొదలైంది. నెల తిరిగేసరికి అవినీతి నిరోధక శాఖ వాళ్లు కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటు కామరాజు ఇల్లు సోదా చేశారు. నగలు దొరకలేదు, నోట్ల కట్టలు దొరకలేదు. అద్దాల బీరువాలో, తెల్ల గుడ్డ కప్పి, ఒక జపాను టేప్ రికార్డరు దొరికింది. ఓడల మీద వచ్చే సరుకు. లోపల క్యాసెట్ ఉంది. ఇన్‌స్పెక్టరు మీట నొక్కాడు. మల్కాపురం చర్చి వాళ్ల క్రిస్మస్ పాట మొదలైంది. పాటలో అందరికన్నా ముందు వినిపించే గొంతు పుష్పకుమారిది.

అప్పుడు ఆమె తండ్రి జోజిని అరెస్టు చేశారు.

వకీలు కృపాకర్‌కు ఆ క్యాసెట్ సంగతి వినగానే ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే గుబులు పుట్టింది. అదే చర్చి ఆయనది కూడా. ఆ పాటలో అడుగున బొంగురుగా వినపడే గొంతు ఆయనదే.

బెయిలు మీద వచ్చిన జోజి, వన్‌టౌన్‌లో మేడ మీదున్న ఆఫీసుకు వచ్చి నిలబడ్డాడు. పొడుగాటి మనిషి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద పోర్టు సిగ్నల్ స్టేషన్లో ఇరవై రెండేళ్లుగా పని. వచ్చే ఓడకు జెండా ఎగరేయడం, పోయే ఓడ పేరు లాగ్ పుస్తకంలో రాయడం, తుపాను కబురొస్తే స్తంభానికి ప్రమాద సంకేతం కట్టడం. ఇప్పుడు సస్పెన్షన్లో ఉన్నాడు.

"ఎన్నేళ్లు సార్?" అన్నాడు.

"ముందు కూర్చో."

"కూకుంటే తగ్గుతాదేటి?"

కృపాకర్ బల్ల మీద పేరుకున్న ఇనుప ఖనిజం ధూళిని వేలితో తుడిచాడు. కిటికీ ఎంత మూసినా పోర్టు నుంచి ఆ ఎర్రటి పొడి వచ్చి ఫైళ్ల మీద పడుకుంటుంది. సాయంత్రాలు ఊరంతా ఎవరో పసుపూ కుంకుమా కలిపి ఆరబోసినట్టు ఉంటుంది.

"లంచం తీసుకున్నవాడికి నూట అరవై ఒకటో సెక్షను. ఇచ్చినవాడికి నూట అరవై అయిదు ఎ. మూడేళ్ల దాకా వెయ్యొచ్చు. డబ్బే అవ్వక్కర్లేదు, టేప్ రికార్డరైనా లంచమే. దొంగ సర్టిఫికెట్ పుట్టించినవాడికి వేరే సెక్షను. దానికి ఏడేళ్ల దాకా."

"కామరాజుగారు ఏటంతన్నారు?"

"భజనలు వినడానికి అరువు తెచ్చుకున్నానంటున్నాడు. క్యాసెట్లో క్రిస్మస్ పాటలున్నాయి. అది ఆయన తిప్పలు. నీ సంగతి చూద్దాం. ఆయనే పీడించి పట్టుకుపోయాడని చెప్పొచ్చు, సాక్షి కావాలి. లేదా అప్రూవరుగా మారొచ్చు. ప్రాసిక్యూటరు అర్జునరావుగారు నిన్న కబురంపారు. ఉన్నదున్నట్టు చెప్పేస్తే నీకు క్షమాభిక్ష ఇప్పిస్తారట."

"ఉన్నదంటే?"

"టేప్ రికార్డరు కామరాజుకిచ్చానని. సర్టిఫికెట్ రాయించి ఇచ్చింది అబ్బులని."

జోజి అప్పుడు కూర్చున్నాడు. కిటికీలోంచి క్రేన్ల వైపు చూశాడు.

"అబ్బులు బావ మీద నాను సెప్పను సార్."

"మరెవరు రాశారు?"

"నాకు తెలీదు. పిల్లకి రెండు మార్కులు తక్కువొచ్చాయి. కాయితాలన్నీ నాను సూసుకుంతానన్నారు కామరాజుగారు."

అబ్బులు గోదావరి నుంచి వచ్చి పోర్టు లాంచీ మీద కుదురుకున్నవాడు, జోజితో బావ వరస కలుపుకున్నవాడు. మల్కాపురంలో ఈత సంఘం పెట్టి ఏటా అక్టోబరులో కాలువ దాటే పోటీ జరిపిస్తాడు. చదువు రాదు, సంతకం ఒక్కటి వచ్చు. పోటీ నాడు తడి చేతులతో కాగితం ముట్టకూడదని, ముందే ఖాళీ సర్టిఫికెట్ల మీద సంతకాలు గీకి రేకు పెట్టెలో పడేస్తాడు. గెలిచినవాళ్ల పేర్లు తర్వాత టైపు కొట్టిస్తారు. ఆ పెట్టె తాళం మేకు పెట్టినా వస్తుంది. అందులోంచి ఒక కాగితం కాలేజీకి నడిచిపోయింది. దాని మీద సంతకం మాత్రం అసలైనదే. అందుకే కేసులో మొదటి ముద్దాయి కామరాజు, రెండోవాడు అబ్బులు, మూడోవాడు జోజి.

జోజి వెళ్లాక కృపాకర్ సర్టిఫికెట్ నకలు తీసి చదివాడు. 'కుమారి జె. పుష్పకుమారి, కాలువ దాటే పోటీలో ప్రథమ బహుమతి, 14 అక్టోబరు 1978.'

ఆయన చూపు తేదీ దగ్గర ఆగిపోయింది.

ఆ రోజు ఆయనకు కలలా గుర్తుంది. పగలే చీకటి పడింది. పెంకులు పక్షుల్లా ఎగిరాయి. చర్చి గంట ఎవరూ తాడు లాగకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోగింది. దాన్ని వింటూ ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చుంది. తుపాను నాడు కాలువలో ఈత పోటీ ఏమిటి? ఆ రోజు కొండ మీద, మహా ప్రమాదమని చెప్పే పదో నంబరు సంకేతం కట్టింది ఎవరు? జోజి.

కృపాకర్ లేచి గదిలో రెండు చుట్లు తిరిగాడు. ఇంతకన్నా మంచి డిఫెన్సు ఏ పుస్తకంలోనూ దొరకదు. ఊళ్లో అందరూ మరిచిపోయినా, సిగ్నల్ మనిషి ఆ తేదీ మరిచిపోడు. దొంగ సర్టిఫికెట్ మీద ఏ తేదీ అయినా వేస్తాడు గానీ ఆ తేదీ వెయ్యడు. అంటే రాసింది జోజి కాదు.

మరి ఎవరు? ఆ రోజు ఊళ్లో లేనివాడు. పోర్టు నుంచి సెలవుల రిజిస్టరు తెప్పించాడు. అబ్బులు, అన్నగారు పోయారని, అక్టోబరు పది నుంచి ఇరవై దాకా అమలాపురం దగ్గర సొంత ఊళ్లో ఉన్నాడు.

ఒక్క క్షణం కృపాకర్ కలం ఆగింది. కానీ తను నిలబడింది జోజి తరఫున. రిజిస్టరును కోర్టులో దాఖలు చేశాడు.

విచారణ నాడు టేప్ రికార్డరును జడ్జిగారి ముందు బల్ల మీద పెట్టి మోగించారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కిటికీల్లోంచి సముద్రపు గాలి వస్తోంది. ఆ మధ్యాహ్నపు ఎండలో క్రిస్మస్ పాట కోర్టు హాలంతా పరుచుకుంది. బంట్రోతు తలుపు దగ్గర ఆగిపోయాడు. అర్జునరావు కాగితాలు సర్దడం మానేశాడు. జడ్జిగారు కళ్లు మూసుకున్నారు. పాట అయిపోయింది. దూరంగా పోర్టులో ఒక ఓడ కూత వేసింది.

"అమ్మాయి బాగా పాడింది," అన్నారు జడ్జిగారు కళ్లు తెరిచి. "అడుగున ఆ బొంగురు గొంతు ఎవరిది?"

"అది కేసుకి సంబంధం లేదు ప్రభూ," అన్నాడు కృపాకర్.

అర్జునరావు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

కృపాకర్ వాదించాడు. తుపాను రోజు, పదో నంబరు సంకేతం, సెలవుల రిజిస్టరు. ఆ మూడూ వరసగా పెట్టేసరికి కోర్టులో చూపులన్నీ అబ్బులు వైపు తిరిగాయి. జడ్జిగారు ఏదో రాసుకున్నారు. కోర్టువారు అబ్బులుకు ఇచ్చిన వకీలు లేచి, "తుపాను కబురు గోదావరి దాకా తెలియదా ప్రభూ?" అని ఊరుకున్నాడు.

బయట వరండాలో అబ్బులు ఎదురొచ్చాడు. నెరిసిన ఛాతీ వెంట్రుకలు చొక్కా పైనుంచి కనిపిస్తున్నాయి. ఇన్నేళ్లయినా గోదావరి యాస పోలేదు.

"బాగా వాదించారండి లాయరు బాబూ. మా జోజి బావ బయటపడితే చాలండి."

"నీ మీద పడింది అబ్బులూ."

"పడిందిలెండి. నేనైతే ఎవరికీ ఇవ్వలేదండి ఆ కాయితం. చెప్పాను, రాసుకున్నారు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "జైల్లో నుయ్యి ఉంటుందంటారా? ఈత లేకపోతే నాకు నడుం పట్టేస్తుందండి," అన్నాడు.

కృపాకర్ ఫైలు చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

పుష్పకుమారిని కేసులో చేర్చలేదు. దరఖాస్తు నాటికి ఆమెకు పద్దెనిమిది నిండలేదు. కాలేజీ మాత్రం రావద్దంది. ఆమె ఏం చేస్తోందో కృపాకర్‌కు జోజి భార్య ఆరోగ్యమ్మ చెప్పింది, ఆదివారం చర్చి మెట్ల మీద. "తెల్లారకుండా నీళ్లలోకి ఎల్లిపోతంది సార్. మీరైనా సెప్పండి."

మర్నాడు పొద్దున్నే ఆయన కొండ కిందకి వెళ్లాడు. పడవలు ఆగే చిన్న మలుపు అది. మంచు నీళ్ల మీద తెల్లటి దుప్పటిలా ఉంది. ఆ తెలుపులో రెండు తలలు తేలుతున్నాయి. ఒకటి అబ్బులుది. పుష్పకుమారి బోర్లా పడుకుని చేతులు చాస్తోంది. ఆమె పొట్ట కింద అబ్బులు అరచెయ్యి ఉంది. నీళ్లు, మంచు, మనుషులు అన్నీ ఒకే పదార్థంతో చేసినట్టు, చప్పుడు లేకుండా కదులుతున్నాయి. కృపాకర్ కాసేపు తను ఎందుకు వచ్చాడో మరిచిపోయాడు.

ఆమె ఒడ్డుకు వచ్చి తువ్వాలు కప్పుకుంది. పళ్లు టకటకలాడుతున్నాయి.

"ఎందుకమ్మా ఇదంతా?"

"జడ్జిగారు నన్ను ఈదమంటే సార్?"

"ఎవరూ అనరు. ఇప్పుడు ఈత వచ్చినంత మాత్రాన అప్పుడు వచ్చినట్టు కాదు."

"ఒకేళ అంటే," అంది ఆమె. "నాన్న ఇచ్చిన కాయితం నానే కదా పెట్టాను."

"నీకు తెలుసా అది దొంగదని?"

ఆమె అబ్బులు వైపు చూసింది. అతను పడవ అంచున కూర్చుని చెవిలో నీళ్లు దులుపుకుంటున్నాడు.

"నీళ్లంటే నాకు బయమని నాన్నకి తెల్సు సార్," అంది నెమ్మదిగా.

కృపాకర్ తలెత్తాడు. కొండ మధ్యలో, కాలిబాట మలుపు దగ్గర, ఒక పొడుగాటి మనిషి కదలకుండా నిలబడి ఉన్నాడు. మంచు మళ్లీ కమ్మేసింది. చూశానా లేదా అనుకుంటూ ఆయన వెనుదిరిగాడు.

ముద్దాయిలను జడ్జిగారు ప్రశ్నించే రోజు దగ్గరపడింది. ముందు రోజు మధ్యాహ్నం కృపాకర్ కోర్టుకు వచ్చిన సిగ్నల్ స్టేషన్ లాగ్ పుస్తకం ఒకసారి చూద్దామని తెరిచాడు. పదో నంబరు సంకేతం కట్టిన మాట జోజి చేతిరాతలోనే ఉంటుంది. అది చదివి వినిపిస్తే వాదనకు మేకు దిగ్గొట్టినట్టే.

పుస్తకం ఒకసారి తడిసి ఆరింది. కాగితాలు అప్పడాల్లా వంకర పోయాయి. జోజి అక్షరాలు మాత్రం చక్కగా, చీమల బారులా ఉన్నాయి. ఏ ఓడ ఎన్నింటికి వచ్చింది, ఏ లాంచీ ఎటు పోయింది. అంతకు ముందు ఏటి పోటీ నాడు కాలువ ఎన్నింటికి మూశారో, ఎన్నింటికి తెరిచారో కూడా ఉంది. పదమూడో తేదీ పేజీ తిప్పాడు. తర్వాతది పదిహేను.

మళ్లీ తిప్పాడు. పదమూడు, పదిహేను.

ఆయన ఆ రెండు పేజీల మధ్య సందులోకి చూశాడు. అక్కడ తెగిన దారప్పోగు ఒకటి ఉంది. తను కట్టిన వాదన అంతా ఆ పోగు పట్టుకుని మెల్లగా తిరగబడుతున్నట్టు అనిపించింది. ఆ తేదీ తుపాను సంగతి తెలియనివాడు వేసింది కాకపోవచ్చు. లాగ్‌లో ఆ తేదీ ఉండదని తెలిసినవాడు వేసింది కావచ్చు. అది తెలిసినవాడు ఒక్కడే.

పొద్దు వాలే వేళ మల్కాపురం వెళ్లాడు. రిఫైనరీ గొట్టం మీద మంట అప్పుడే ఆకాశం రంగుతో కలుస్తోంది. జోజి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"జోజీ, పధ్నాలుగో తేదీ పేజీ ఏది?"

జోజి మంట వైపు చూస్తూ అన్నాడు, "గాలి పట్టుకుపోయింది సార్."

"ఆ పేజీ ఒక్కటేనా?"

"గాలికి లెక్కేటుంటాది."

కృపాకర్ అరుగు మీద పక్కనే కూర్చున్నాడు. ఈ మనిషి చెప్పింది బయటపెట్టడానికి తనకు హక్కు లేదు. బయటపెట్టకపోతే రేపో ఎల్లుండో అబ్బులు ఏడేళ్లకు వెళ్తాడు. లోపల ఆరోగ్యమ్మ కంచాలు పెడుతున్న చప్పుడు. ఎవరో నవ్వారు. పుష్పకుమారి కాబోలు.

"రేపు జడ్జిగారు ఒక్కొక్కటే అడుగుతారు," అన్నాడు చివరికి. "వకీలుగా నేను చెప్పాల్సింది ఒక్కటే. దేనికైనా 'నాకు తెలీదు' అను. అంతకన్నా మాట్లాడాలో వద్దో అది నీ ఇష్టం. దానికి సెక్షను లేదు."

"అబ్బులు బావకి ఎన్నేళ్లు పడతాది సార్?"

"మొన్న నీకు చెప్పాను కదా."

జోజి తల ఊపాడు.

మర్నాడు కోర్టులో కామరాజు అన్నిటికీ "అబద్ధం" అన్నాడు. అబ్బులు "సంతకం నాదేనండి, మిగతాది నాది కాదండి" అన్నాడు. జోజి వంతు వచ్చింది. జడ్జిగారు ప్రశ్నలు చదువుతుంటే అతను ప్రతిదానికీ "నాకు తెలీదు బాబూ" అంటూ పోయాడు. వెనక బెంచీ మీద పుష్పకుమారి కూర్చుని ఉంది. ఆమె జుట్టు ఇంకా తడిగానే ఉంది.

"రెండో ముద్దాయి ఈ సర్టిఫికెట్ నింపించి నీకు ఇచ్చాడని ప్రాసిక్యూషన్ అంటోంది. ఏమంటావు?"

జోజి వెనక బెంచీ వైపు చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. కృపాకర్ కళ్లు దించుకుని తన చేతుల మీది ఎర్రటి ధూళి చూసుకున్నాడు.

జోజి చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

"ఇది మాత్రం తెలీదనలేను బాబూ. మా లాయరుగారి తప్పేటీ లేదు, ఆయన సెప్పమన్నది ఇది కాదు. అబ్బులు బావ నింపనేదు, నాకు ఇవ్వనేదు. పెట్టెలోంచి నానే తీసాను. టైపు సాపులో పక్కన కూకుని నానే కొట్టించాను. తేదీ నానే సెప్పాను. సిగ్నల్ మనిషి ఆ తేదీ ఎయ్యడన్నారు లాయరుగారు. సిగ్నల్ మనిషే ఏత్తాడు బాబూ. ఇరవై రెండేళ్లు ఆ పుస్తకం రాసాను. పోటీ జరిగితే అందులో ఉంటాది, జరక్కపోతే ఉండదు. పోటీ జరిగిన రోజు ఏత్తే గెలిచినోళ్లు ఏరే ఉన్నారు. ఇంకే రోజు ఏసినా పుస్తకం తీసి సూత్తే దొరికిపోతాను. తుపాను నాడు కప్పు లేసిపోయి పుస్తకం తడిసింది. ఆ ఒక్క పేజీ దారానికి ఏలాడతండేది. గాలి పట్టుకుపోలేదు. నానే లాగీసాను. పుస్తకంలో లేని రోజుని ఎవులూ కాదనలేరనుకున్నాను. ఊరందరికీ ఆ రోజు గుర్తుంటాదని నాకు తట్టనేదు. మాకు పుస్తకమే గుర్తు.

"టేప్ రికార్డరు కామరాజుగారు అడిగారు, నాను ఇచ్చాను. పీడించారని సెప్పొచ్చంట. పీడించనేదు. నాకే తొందర. రెండు మార్కులు బాబూ, రెండే.

"ఉద్యోగం లేకపోయినా రోజూ కొండెక్కుతన్నాను, అలవాటు. కింద నా పిల్ల ఈదతంటాది. దాని పొట్ట కింద బావ సెయ్యి. నాను దొంగిలించింది ఆ సేతి సంతకమే. ఆడికి తెలీదు, పట్టుకునే ఉన్నాడు. ఇయాల పొద్దున్న ఆ సెయ్యి తీసీసాడు. పిల్ల మునగనేదు. అది సూసినాక ఇంక నాను తెలీదని సెప్పలేను.

"ఇదిగో బాబూ పేజీ. బైబిల్లో దాసాను. ఇంగిలీసులో రాసింది నానే, తెలుగులో సదువుతాను. అక్టోబరు పధ్నాలుగు. పదో నంబరు కట్టాం. కాలువలో ఓడ లేదు. పడవ లేదు. నీళ్లలో మనిషన్నవాడు లేడు. కింద సంతకం నాదే."